సామాను వెంట మనిషి

తొంభై ఒకటి మార్చి మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి. ఫిలింనగర్ వెనక బండల పక్కన ఒక రేకుల గోడౌన్. అందులో పదకొండు సోఫా సెట్లు, నాలుగు షాండ్లియర్లు, పదీ పది దగ్గర ఆగిపోయిన నిలువు గడియారం, రెండు ఎర్ర టెలిఫోన్లు, జమీందారు ఇంటికి సరిపడా ఇత్తడి సామాను, డాక్టరు గదికి సరిపడా తెల్ల తెరలు. బ్యాంకులో లక్షా ముప్పై మూడు వేలు. సామాను వెంట వెళ్లడానికి ఓదెలు అనే మనిషి. గోడౌన్ కింద నేల మాత్రం నాది కాదు.

షూటింగులకు సెట్ సామాను అద్దెకివ్వడం నా వ్యాపారం. సినిమాలో మీరు చూసిన షావుకారు డ్రాయింగు రూము చాలావరకు నాదే. అదే సోఫా మీద ఒక సినిమాలో తండ్రి గుండె పట్టుకుని ఒరిగిపోతాడు, ఇంకో సినిమాలో పెళ్లివారు కూర్చుని కాఫీ తాగుతారు. ఎనభై నాలుగులో పద్దెనిమిది వందలకు కొన్నాను దాన్ని. ఇప్పుడు ఐదు వేలు పెట్టినా ఆ టేకు రాదు. నా గోడౌన్‌లో ఉన్న ఏ వస్తువూ కొన్న ధరకు మళ్లీ దొరకదు. బ్యాంకులో పడుకున్న నోటు ఒక్కటే ఏటా చిక్కిపోతుంది. అచ్చు వేసేది సర్కారు, చిక్కిపోయేది మనది. ఈ మాట ఆ రోజుల్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. ఓదెలుకైతే రోజూ చెప్పాను.

నేల బుచ్చమ్మది. చుట్టూ బంగళాలు లేస్తున్నా ఆవిడ ఆ బండల మధ్యే రెండు బర్రెలతో ఉండేది. గోడౌన్ ఉన్న రెండు వందల గజాలూ అమ్మమని ఏడాదిగా అడుగుతున్నాను. మార్చిలో ఒకరోజు పాలు పితుకుతూ ఒప్పుకుంది.

"నలభై తులాలు," అంది.

"తులాలేంటి బుచ్చమ్మా? రూపాయల్లో చెప్పు."

"గా కాయితాలు నాకొద్దు. నా మొగడు కింది నేల అమ్మి నోట్లు పెట్టెల పెట్టిండు. ఆయన పోయినంక తీసి చూస్తే నోట్లు గట్లనే ఉన్నయి, ఎలుక గూడ కొట్టలె. బర్రెను కొందామని పోతె సగం బర్రె గూడ వస్తలేదు. గప్పటి సంది బంగారమే."

ఇన్నేళ్లుగా నేను ఊరంతా చెబుతున్న మాట ఆవిడ పాల చెంబు పట్టుకుని చెప్పేసింది. ఒప్పుకోక తప్పలేదు.

"శ్రావణంల మొదటి శుక్రవారం దాకా ఆగుత," అంది బుచ్చమ్మ. "దాటిందా, ప్రొడ్యూసరు సారు బంగ్లా కట్టుకుంటడంట, ఆయనకిస్త. నువ్వు నీ సోఫాలు ఎత్తుకొని పోవాలె."

మర్నాడే బ్యాంకు ఖాళీ చేసి సికింద్రాబాదులో ఒక మార్వాడీ దగ్గర నలభై తులాలు కొన్నాను. శ్రీనగర్ కాలనీలో మేముండే అద్దె వాటాకు తెచ్చి, నా భార్య నాగేశ్వరి చేతికిచ్చాను. ఆవిడ పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టింది. అప్పుడే శ్రావణం దాకా ఎందుకు, ఇచ్చేద్దాం అన్నది కూడా. కానీ బుచ్చమ్మ కాగితాల మీద మరిది సంతకం కావాలి, అతను పంట ఎత్తితే గాని ఊరి నుంచి రాడు. ఆగాం.

*

ఏప్రిల్ మొదటి రోజు. ఓదెలు సోఫాకు గోనెసంచులు చుట్టి తాడు బిగిస్తున్నాడు. బోరబండ నుంచి పొద్దున్నే నడిచి వచ్చేవాడు. నాలుగేళ్లుగా నా సామాను గోడౌన్ దాటిందంటే వెంట అతను ఉండాల్సిందే. సెట్లో తనే సర్దేవాడు, ఎవరైనా షాటుకు షాటుకు మధ్య సోఫా మీద కాళ్లు పెడితే దింపించేవాడు, సాయంత్రం తనే ఎక్కించుకుని వచ్చేవాడు. రోజుకు బత్తా ఇరవై ఐదు. వోచరు పుస్తకంలో రోజూ సంతకం.

"సేటూ, బత్తా నలభై జెయ్యి," అన్నాడు తాడు మీద నుంచి తల ఎత్తకుండా.

"ఒక్కసారే పదిహేనా? ఏం, నువ్వూ హీరోవయ్యావా?"

"బియ్యం ఆరు రూపాయలైనయి. గాసునూనె లైన్ల నిలబడ్డా దొరకదు. నువ్వే గద రోజూ చెప్తవు నోటు చిక్కిపోతున్నదని. నీ నోటు చిక్కితె నా నోటు గూడ చిక్కుతది."

 అప్పటికి వారం కిందటే సోఫా సెట్టు అద్దె నూటయాభై నుంచి రెండు వందల పాతిక చేశాను. అది ఓదెలుకు తెలుసు, కొత్త రేట్లు రాసిన పలక గోడకు కొట్టింది అతనే.

"ఇరవై ఐదే," అన్నాను. "కాదంటే ప్రొడక్షన్ వ్యాను వాళ్లే వచ్చి తీసుకెళ్తారు, వాళ్లే దింపుతారు. సోఫాకు నాలుగు కాళ్లున్నా ఎక్కడికీ పారిపోదు."

ఓదెలు కట్టిన తాడు గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి దులుపుకున్నాడు. గోడౌన్ తాళంచెవి మేకుకు తగిలించి వెళ్లిపోయాడు. తర్వాత జూబ్లీహిల్స్‌లో ఎవరిదో బంగళా పునాదికి రాళ్లు మోస్తున్నాడని తెలిసింది.

ఇంటికెళ్లి చెబితే నాగేశ్వరి గిన్నె కింద పెట్టి నా వైపు చూసింది.

"నలభై ఇచ్చేయకపోయారా? అద్దెలు సగానికి సగం పెంచారుగా."

"ఈసారి నలభై అంటే మళ్లీ ఉగాదికి యాభై అంటాడు."

"ధరలు పెరిగితే అంటాడు. మీరనరా?"

సీజను మంచి జోరు మీదుంది. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా డెబ్బై ఐదు రోజులు సామాను తిరిగింది. ఓదెలు లేకపోవడం వల్ల పద్దెనిమిది వందల డెబ్బై ఐదు రూపాయలు మిగిలాయి. రెండు గ్లాసు బల్లలు పగిలాయి, వాటి డబ్బు ప్రొడక్షన్ వాళ్ల దగ్గర వసూలు చేశాను.

*

జూన్‌లో ఒక మధ్యాహ్నం స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. అమ్మకం పన్ను ఆఫీసరు, పేరు వెంకటనర్సయ్య. తెల్ల చొక్కా, చేతిలో పలచటి ఫైలు. ఆ గుంటల దారిలో స్కూటర్ నడపలేక చివరి వంద గజాలు తోసుకుంటూ వచ్చాడు. గోడౌన్‌కు రోడ్డు లేదు, కుళాయి లేదు, వీధి దీపం లేదు. బుచ్చమ్మ బావి నుంచి నీళ్లు తోడుకునేవాళ్లం. వీళ్లకు కట్టే పన్ను ఏ దారిన పోతుందో గాని మా దారికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఆయన చెమట తుడుచుకుని జమీందారు కుర్చీలో కూర్చున్నాడు.

"సామాను అద్దెకిస్తున్నారు. టాక్స్ కట్టట్లేదు."

"అమ్మితే కదండీ అమ్మకం పన్ను. సాయంత్రానికి నా సోఫా నా గోడౌన్‌కి వస్తుంది. అమ్మింది తిరిగొస్తుందా?"

"చట్టం మారి చాలా ఏళ్లయిందండీ. వాడుకునే హక్కు ఇస్తే అది కూడా అమ్మినట్టే."

"మీరు కూర్చున్న కుర్చీ నాదే. మీకు అమ్మేసినట్టేనా?"

"అద్దె అడగలేదు గదా మీరు," అని నవ్వాడు. కోపం తెచ్చుకోలేదు. అదే నాకు నచ్చలేదు. "ఒకటి చెప్పండి. సామాను వెంట మీ మనిషి వెళ్తాడా? సర్దేది, తీసేది, కాపలా ఉండేది మీ మనిషే అయితే సామాను మీ చేతి కిందే ఉన్నట్టు. దానికి టాక్స్ పడదు. వ్యానులోకెక్కించి వాళ్లకప్పగిస్తే మాత్రం ఆ రోజుకు అమ్మినట్టు. నూటికి ఐదు రూపాయలు."

నాలుగేళ్ల లెక్కకు నా దగ్గర నిజమైన జవాబుంది. ఆఖరి డెబ్బై ఐదు రోజులకు లేదు.

"వెళ్తాడు," అన్నాను.

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

"అయితే చిక్కే లేదు. జూలై పదో తారీఖున వోచర్లు, ఆ మనిషిని తీసుకుని ఆఫీసుకు రండి. ఫైలు మూసేస్తా."

మంచినీళ్లు తాగి, స్కూటర్ తోసుకుంటూ వెళ్లిపోయాడు. లంచం అడుగుతాడని చివరిదాకా చూశాను. అడిగి ఉంటే దానికొక ధర ఉండేది. ధర ఉన్నచోట నేనెప్పుడూ నష్టపోలేదు.

*

బోరబండలో ఓదెలు ఇల్లు గుట్ట మీద. నేను వెళ్లేసరికి పైకప్పు సగం రేకులు, సగం ప్లాస్టిక్ పట్టా. అతని భార్య రాజమ్మ తొలి వాన నీళ్లు లోపలి నుంచి బయటికి ఎత్తిపోస్తోంది. విషయం చెప్పాను. మూడు నెలలూ సామాను వెంటే ఉన్నానని ఆఫీసరు ముందు చెప్పాలి, వోచర్ల మీద సంతకాలు పెట్టాలి.

ఓదెలు బీడీ ఆర్పాడు. "ఉన్నట్టయితే బత్తా రావాలె గద."

"ఇస్తాను."

"రోజుకు నలభై."

"పని చేయని రోజులకు నలభై ఏంటి? ఇరవై ఐదు. అదీ ఊరికే ఇస్తున్నాను. పాత వోచర్లన్నీ ఇరవై ఐదే ఉన్నాయి, హఠాత్తుగా నలభై రాస్తే అనుమానం వస్తుంది."

ఆ రెండో కారణం అప్పటికప్పుడు తట్టింది. మొదటిదే అసలు కారణం. పెంచిన అద్దెల్లోంచి మూడు వేలు ఇచ్చి కూడా నేను లాభంలోనే ఉండేవాణ్ణి, ఆ లెక్క నాకు రాక కాదు. కానీ ఏప్రిల్లో ఇవ్వనన్న నలభై జూన్‌లో ఇస్తే, అతని ముందు ఓడిపోయినట్టు అనిపించింది.

ఓదెలు రాజమ్మ వైపు చూశాడు. ఆవిడ చెంబుతో నీళ్లు ఎత్తుతూనే, "రేకులన్న వస్తయి," అంది.

డెబ్బై ఐదు వోచర్ల మీద డెబ్బై ఐదు సంతకాలు పెట్టాడు. ప్రతి తారీఖుకూ అతని చేతి కింద పుస్తకం తిప్పుతూ కూర్చున్నాను. లేచేటప్పుడు డబ్బు లెక్కపెట్టకుండా రాజమ్మకిచ్చాడు.

*

జూలై మొదటి వారంలో, మూడు రోజుల్లో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించారు. పేపర్లలో పెద్ద మాటలు రాశారు. నాకు అర్థమైంది ఒకటే: నా జేబులో నోటు మీద అంకె అలాగే ఉంచి దాని బలం తీసేశారు. తీసేముందు నన్ను ఎవరూ సంతకం పెట్టమనలేదు. పదిహేను రూపాయల వోచరుకు కూడా సంతకం అడిగే ప్రభుత్వం అది.

పదో తారీఖున ఓదెలు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆఫీసులో ఫ్యాను తిరుగుతుంటే కాగితాలన్నిటి మీదా రాళ్లు పెట్టి ఉన్నాయి. వెంకటనర్సయ్య వోచరు పుస్తకం మొదటి నుంచి తిప్పాడు. ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది, అలా వచ్చాడు. అంతా బాగానే ఉందన్నట్టు తల ఊపుతున్నాడు. ఏప్రిల్ దగ్గరికి వచ్చి ఆగాడు.

"నీదేనా దస్కతు?"

"నాదే సార్."

"రోజూ పోయినవా సామాను వెంబడి?"

"పోయిన సార్."

ఆఫీసరు కలం మూత తీశాడు. రాయడానికి వంగి, ఊరికే మాట కలిపినట్టు అడిగాడు. ఆ యాస విన్నాక ఆయనది ఏ వైపు ఊరో నాకర్థమైంది.

"అన్నీ ఇంత పిరమైనయి గదా. గీ ఏడు గూడ ఇరవై ఐదుకే పన్జేస్తున్నవా?"

"గంతకెట్ల చేస్త సార్. నలభై అడిగిన."

"ఇచ్చిండా?"

ఓదెలు నా వైపు చూశాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు.

"ఇస్తె పని ఇడిచిపెట్టి పోకపోదును," అన్నాడు.

 వెంకటనర్సయ్య కలానికి మూత పెట్టాడు. ఓదెలును బయట కూర్చోమన్నాడు. నాకు కుర్చీ చూపించాడు.

"ఎన్ని రోజులు?" అని అడిగాడు.

చెప్పాను.

"మొదటిరోజే చెప్తే ఈ మూడు నెలల అద్దె నలభై వేల మీద రెండు వేలు కట్టి వెళ్లిపోయేవారు. ఇప్పుడు ఈ డెబ్బై ఐదు వోచర్లు అబద్ధమని తేలింది. అదే పుస్తకం, అదే చెయ్యి. మిగిలిన నాలుగేళ్లవి నిజమని నేనెట్లా రాయను?"

"అవి నిజమండీ. అతన్నే అడగండి."

"అడిగితే చెప్తాడు. డెబ్బై ఐదు సంతకాలు పెట్టిన మనిషి. రాసుకోవడానికి నాకు పనికి రాడు."

నాలుగేళ్ల అద్దె ఐదు లక్షల ఇరవై వేలు. పన్ను ఇరవై ఆరు వేలు. జరిమానా ఐదున్నర వేలు. ఆ అంకెలు ఆయన చాలా గుండ్రంగా, అందంగా రాశాడు. నాలుగేళ్లపాటు నిజంగా నా చేతి కిందే ఉన్న సామాను, ఆ కాగితం మీద ఒక్క మధ్యాహ్నంలో అమ్ముడుపోయింది. చేయని అమ్మకానికి పన్ను. ఇవాళ్టికీ నేను దాన్ని ఒప్పుకోను.

మెట్ల దగ్గర ఓదెలు నిలబడి ఉన్నాడు.

"నన్ను ముంచావు," అన్నాను.

"ముంచాల్నని గాదు సేటూ. పోయిన అన్న గద, నువ్వు చెప్పుమన్నది చెప్పిన. ఇరవై ఐదుకు పన్జేసిన అని మాత్రం నోట్లకెల్లి రాలె." జేబులోంచి మడత తీసి ఇచ్చాడు. "పన్నెండు వందలున్నయి. మిగతయి రేకులకు పోయినయి. పనిల కోసుకో."

"ఏ పనిలో? నీకు నా దగ్గర పనేముంది?"

"ఉంటది," అన్నాడు. "సారు చెప్పింది విన్న గద. సామాను వెంబడి మనిషి లేకుంటె పన్ను. ఫిలింనగర్‌ల ఎన్ని ప్రాపర్టీ గోడౌన్లున్నయో నాకెరుక."

*

అప్పీలుకు వెళ్దామంటే లాయరు మూడేళ్లు పడుతుందన్నాడు, ముందు డబ్బు కట్టాలన్నాడు. నెలాఖరు గడువు. వానలకు షూటింగులు తగ్గాయి, రావాల్సిన బకాయిలకు నిర్మాతలు ఇచ్చిన చెక్కులు బ్యాంకు గడప దాటడం లేదు. బీరువాలోని బంగారం తప్ప వేరే దారి లేదు.

నాగేశ్వరిని అడిగాను, ఆవిడ పెళ్లినాటి నగలు తొమ్మిది తులాలు సర్దితే నేలకు లోటు రాదని. అప్పుడు ఆవిడ పప్పు ఏరుతోంది.

"నా ఒంటి మీదిది మా అమ్మ పెట్టింది," అంది. "మీ పదిహేను రూపాయలకు అది చెల్లదు."

గొంతు పెంచలేదు. చీరలో చుట్టిన మూట తెచ్చి నా ముందు పెట్టి మళ్లీ పప్పు దగ్గర కూర్చుంది.

సికింద్రాబాదు వెళ్లి అదే మార్వాడీకి తొమ్మిది తులాలు అమ్మాను. ముప్పై ఒకటిన్నర వేలు వచ్చాయి. ఆయన దుకాణంలో పేపరు పరిచి ఉంది. ప్రభుత్వం తన బంగారాన్ని విమానంలో పరాయి దేశం పంపి కుదువ పెట్టి అప్పు తెచ్చిందని అందులో వార్త. మార్వాడీ నా బంగారం తూచి, ఆ పేపరులోనే పొట్లం కట్టాడు. పన్ను మాత్రం కాగితంలో తీసుకునే సర్కారు, తనకు అవసరం వచ్చేసరికి బంగారమే పట్టుకెళ్లింది. దాని కాగితాన్ని ఆ పరాయి దేశం వాళ్లెవరూ ముట్టుకోలేదు. బుచ్చమ్మ పాలు పితుకుతూ చెప్పిన సంగతి ఢిల్లీలో తెలియడానికి విమానం కావలసి వచ్చింది.

శ్రావణం మొదటి శుక్రవారం ముప్పై ఒక్క తులాలు పట్టుకుని బుచ్చమ్మ దగ్గరికి వెళ్లాను. తొమ్మిదికి మూడు నెలలు గడువడిగాను. ఆవిడ మూట విప్పి ఒక్కొక్క బిళ్లా పంటితో నొక్కి చూసి, కొంగులో వేసుకుంది.

"తులానికి ఐదు గజాలు బిడ్డా. ముప్పై ఒకటికి నూట యాభై ఐదు. గంతే కొలుస్తరు. గడువు గిడువు నాకెరుక లేదు."

మరిది టేపు పట్టాడు. గోడౌన్ తూర్పు గోడ పది అడుగులు లోపలికి జరపాల్సి వచ్చింది. దస్తావేజులో ధర ఎంత రాయించామన్నది ఇక్కడ చెప్పను. అది రిజిస్ట్రేషన్ వాళ్లు నన్ను అడగాల్సిన సంగతి.

కోసేసిన ఆ నలభై ఐదు గజాల ముక్కను బుచ్చమ్మ కిరాయికిచ్చింది. కిరాయి నోట్లలో కాదు, రెండు నెలలకొక బస్తా బియ్యం. తీసుకున్నది ఓదెలు. ఒక పందిరి వేసి, బోరబండ నుంచి ఆరుగురిని తెచ్చుకున్నాడు. పన్ను సంగతి తెలిసిన ప్రతి గోడౌన్ వాడూ సామాను వెంట మనిషి కావాలని ఆ పందిరి కిందికి వచ్చాడు. దసరాకి నేనూ వెళ్లక తప్పలేదు. నాగేశ్వరి కూడా వచ్చింది.

"ఎంత ఓదెలూ?" అని ఆవిడే అడిగింది.

"అరవై అమ్మా. అందరికీ గదే."

నేను నోరు తెరిచేలోపు ఆవిడ వోచరు పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. అప్పటి నుంచి బత్తాలు ఆవిడే ఇస్తుంది. ఓదెలు బాకీ ఆరు వందల డెబ్బై ఐదు మొదటి రెండు వారాల్లోనే కోసుకుంది, ఒక్క రూపాయి వదలకుండా. అంతా అయ్యాక అతనికి కాఫీ ఇచ్చింది.

ఐదేళ్లయింది. నా సోఫా ఎక్కడికి వెళ్లినా దాని పక్కన ఓదెలు మనిషి కూర్చుంటున్నాడు. బియ్యం పెరిగినప్పుడల్లా రేటు మారుస్తాడు, పలక మీద రాసి నా గోడ వైపే తగిలిస్తాడు. ఈ ఉగాదికి తొంభై. బుచ్చమ్మ నేల గజం నాలుగు వేలు దాటింది, తూర్పు గోడ అవతలిది ఇంకా అమ్మలేదు.

ఆ సీజను లెక్క ఇది. పోయినవి తొమ్మిది తులాలు, నలభై ఐదు గజాలు, వోచరు పుస్తకం మీద పెత్తనం. వచ్చినవి నూట యాభై ఐదు గజాల బండనేల, ఒక పన్ను రసీదు. రోజుకు పదిహేను రూపాయలు పెంచకుండా ఆపుకున్నది ఏప్రిల్ నుంచి జూన్ దాకా కూడి చూస్తే, పదకొండు వందల పాతిక. అది ఖర్చయిపోయింది, దేనికో గుర్తు లేదు.